అవతలి పక్క

ఆదివారం ఉదయం గోపాలపట్నంలో తన ఇంట్లో, వంటింటి సింకు దగ్గర నిలబడి ఆశాజ్యోతి మేక పేగులు కడుగుతోంది. ఉప్పునీళ్ళు రెండోసారి పారబోసేసరికి అత్తగారు వరహాలమ్మ గుమ్మంలోకి వచ్చి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

“వండుకునేదానికైతే కడిగినా ఓ అర్థముంది. క్లాసులో పిల్లలు కుట్టి పారేసేదానికి ఇంత అవస్థెందుకమ్మా?”

హాల్లోంచి భర్త మోహనకృష్ణ నవ్వాడు. “ఫ్రిజ్‌లో ఏ డబ్బా మూత తీయాలన్నా భయమేస్తోందమ్మా.” స్టీల్‌ప్లాంటులో ఇంజనీరతను. మంచివాడని అందరూ అంటారు. ఆశాజ్యోతి కూడా అంటుంది.

పప్పు, కూర టేబుల్ మీద సర్ది, అత్తగారి మాత్రలు గిన్నెలో వేసి, మధురవాడ అవతల తను పాఠాలు చెప్పే మెడికల్ కాలేజీకి బయల్దేరింది. సర్జరీలో చేరాలనుకునే హౌస్ సర్జన్లకు ఏటా నాలుగు ఆదివారాలు ఆమె విడిగా క్లాసు తీసుకుంటుంది. ముడి జారకుండా వేయడం, తెలియనప్పుడు సిగ్గుపడకుండా సీనియర్‌ని పిలవడం, పోయిన మనిషి భార్యతో నిలబడి కాక పక్కన కూర్చుని మాట్లాడటం. తనకెవరూ చెప్పనివన్నీ చెబుతుంది. సర్జన్‌గా తను మాత్రం ఎప్పుడు ఆగిపోయింది? బాబు పుట్టినప్పుడు, “రెండేళ్ళు ఎమర్జెన్సీ డ్యూటీలు మానెయ్, తర్వాత నీ ఇష్టం” అన్నాడు మోహనకృష్ణ. ఆ రెండేళ్ళూ గడిచేసరికి అత్తగారి తుంటి ఎముక విరిగింది. “కోడలు డాక్టరై ఉండి నర్సుని పెట్టుకుంటే నలుగురూ ఏమనుకుంటారు?” అన్నారు ఇంట్లోవాళ్ళు. అదీ గడిచేసరికి ఆపరేషన్ టేబుల్ దగ్గర ఆమె చోటు ఖాయమైపోయింది. సర్జన్‌కి ఎదురుగా, అవతలి పక్క, అసిస్టెంటుగా. రక్తం తుడవడం, దారం కత్తిరించడం. ఎవరూ తోసెయ్యలేదు. ఆమే కొంచెం కొంచెంగా జరిగింది.

ఆ రోజు ఆఖరి క్లాసు. డిపార్ట్‌మెంట్ హెడ్ శ్రీనివాసరావు గారు వచ్చి రెండు మాటలు చెప్పారు.

“అమ్మాయిలూ, సర్జరీ అంటే ఇల్లు మర్చిపోవాలి. అలా కుదరదంటారా, ఆశాజ్యోతి మేడమ్‌లా చక్కగా సర్దుకుపోవడం నేర్చుకోండి.”

పిల్లలు చప్పట్లు కొట్టారు. అలవాటుగా ఆమె కూడా నవ్వింది.

ఆయన తన గదికి వెళ్ళాక గంగాభవాని సూది కింద పెట్టింది. పెదజాలరిపేట పిల్ల. ఆమె కుట్టిన పేగులో నీళ్ళు పోస్తే చుక్క కారదు.

“మేడమ్, రేపు పీజీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టాల. ఇంట్లో అందరూ స్కిన్ పెట్టుకోమంతన్నారు. నాను సర్జరీయే పెడదామనుకుంతన్నాను. ఒకటడగనా?”

“అడుగు.”

“మీరు సొంతంగా చేసిన ఆఖరి ఆపరేషన్ ఏటి మేడమ్?”

ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆశాజ్యోతికి వెతుక్కోవలసిన పని లేకపోయింది. మల్కాపురం నుంచి వచ్చిన రిఫైనరీ కార్మికుడు, సింహాద్రి. ఇంటికి వెళ్తూ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ చేతులు చూస్తూ, ప్రతి కోతా మనసులో తనూ కోస్తూనే ఉంది.

“హెర్నియా. పద్నాలుగేళ్ళయింది.”

గంగాభవాని మొహం చిన్నబోయింది.

“సారీ మేడమ్. అడక్కూడంది అడిగేసినాను.”

“తప్పేం లేదు. ఆ కుట్టు పూర్తి చెయ్యి.”

ఈ పిల్లకు అన్నీ నేర్పాననుకుంది. తనను చూసి ఈ పిల్ల ఏం నేర్చుకుంటోందో ఇప్పుడు తెలిసింది. చేతులు కడుక్కుని, నిదానంగా తుడుచుకుని, హెడ్ గారి గదికి నడిచింది.

“సార్, గురువారం ఉన్న రెండు హెర్నియాలూ నేను చేస్తాను. చాలా కాలమైంది కాబట్టి మొదటిదానికి మీరు నాకు అసిస్ట్ చెయ్యండి. వచ్చే నెల నుంచి ఎమర్జెన్సీ డ్యూటీలు కూడా వెయ్యండి.”

శ్రీనివాసరావు గారు టీ కప్పు కింద పెట్టారు. ఆయనకు కోపం రాలేదు. నిజంగానే కంగారుపడ్డారు.

“డ్యూటీలంటే మాటలా? మీ ఇంట్లో అడిగారా అమ్మా?”

“అడగలేదు సార్,” అంది ఆశాజ్యోతి. “ఇంటికి వెళ్ళాక చెబుతాను.”