దవడలో రెండు గీతలు

అక్కకు నోరు మూసుకుని ఉండమంటే జైలుశిక్ష వేసినట్టే. రేడియోలో వార్తలు చదివే మనిషాయె. ఆ గొంతుకు, ఆ పలుకుకు ముక్కూమొహం తెలియని అభిమానులు కూడా ఉన్నారు. అలాంటి మనిషికి కింది దవడలో ఒక పన్ను ఊడిపోయి, ఆ ఖాళీలో ఇంప్లాంట్ వేయించుకోవాల్సి వచ్చింది. వేసే పళ్ళ డాక్టరు పరాయిది కాదు, స్వయానా చెల్లెలే.

ఎముకలోకి స్క్రూ దించాలంటే ముందు దవడకు స్కాన్ తీయాలి. చెల్లెలు అక్కను యంత్రం దగ్గర నిలబెట్టి, గడ్డం ఆన్చి, తలకు పట్టీ బిగించింది.

"ఇది తల చుట్టూ తిరిగి ఆగేదాకా కదలకక్కా. మాట్లాడకు. నవ్వకు."

"సరే తల్లీ, చెప్పావుగా!"

యంత్రం సగం తిరిగిందో లేదో అక్కకు పాత సంగతేదో గుర్తొచ్చి నవ్వు ఆగలేదు.

"ఏమే పారపళ్ళూ, నీ చిన్నప్పుడు ఇలాంటిది ఉంటే నీ పళ్ళు అందులో పట్టేవా అని!" అంది గట్టిగా. అద్దం అవతల కూర్చున్న టెక్నీషియన్‌ వైపు కళ్ళు తిప్పి, "మీకు తెలీదు కదూ, ఇంట్లో ఫోటో తీయించుకుంటే దీని నోటికి చెయ్యి అడ్డం పెట్టేదాన్ని నేనే" అని కూడా చెప్పింది. టెక్నీషియన్ నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు నటించాడు.

చెల్లెలికి తల కొట్టేసినట్టయింది. ఆ పళ్ళు సరిచేయించుకుని, ఏళ్ళ తరబడి చదివి, తన పేరుతో ఆసుపత్రి పెట్టుకుని కూర్చున్నా, అక్క నోట్లో ఆమె ఇంకా పారపళ్ళే. పైగా తన దగ్గర పనిచేసేవాళ్ళ ముందు.

కంప్యూటర్ మీద బొమ్మ వచ్చింది. మనిషి కదిలింది కాబట్టి బొమ్మా కదిలింది. ప్రతి అంచూ జంటగా పడింది. దవడ ఎముక లోపల సన్నటి సొరంగంలా ఒక దారి ఉంటుంది. కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అందులోంచే పోతుంది. డాక్టరు ఆ దారి వెంట చుక్కలు పెడితే కంప్యూటర్ వాటిని ఎర్రటి గీతగా కలుపుతుంది. స్క్రూ ఎంత పొడవుండాలో ఆ గీతను చూసే తేల్చుకోవాలి. ఇప్పుడు ఆ దారి రెండు గీతలుగా కనిపిస్తోంది, ఒకటి పైన, ఒకటి కింద. కిందిదాన్ని నమ్మి పొడవాటి స్క్రూ దించితే, అసలు దారి పైదైనప్పుడు అది నరంలోనే దిగుతుంది.

"కదిలారు మేడమ్. ఇంకోసారి తీద్దామా?" అన్నాడు టెక్నీషియన్.

బయట హాల్లోంచి అక్క గొంతు వినిపిస్తోంది. కూర్చున్న పేషెంట్లకు కూడా ఫోటో కథ మొదలుపెట్టేసింది. వాళ్ళు పగలబడి నవ్వుతున్నారు. మళ్ళీ ఆమెను పిలవాలి, మళ్ళీ నోరు మూసుకోమని బతిమాలాలి.

"అక్కర్లేదు. కనిపిస్తూనే ఉందిగా" అంది చెల్లెలు. కింది గీత మీద చుక్కలు పెట్టుకుంటూ పోయింది.

కావాలని చేసిందా అని నిలదీస్తే కాదనే అంటుంది, ఒట్టు కూడా వేస్తుంది. కానీ ఆ చుక్కలు పెడుతున్నంతసేపూ ఆమెకు ప్రాణం హాయిగా ఉంది. ఆ మాట మాత్రం చచ్చినా ఎవరికీ చెప్పదు.

ఇంప్లాంట్ వేసే రోజు, మత్తు ఇచ్చాక కూడా, డ్రిల్లు లోతుకు దిగేసరికి అక్క కుర్చీలో ఎగిరిపడింది.

"కరెంటు కొట్టినట్టయిందే!"

అయినా చెల్లెలు చెయ్యి ఆపలేదు, స్క్రూ బిగించేసింది. అక్క వెళ్ళబోయే ముందు ఇంకో స్కాన్ తీసింది. ఈసారి అక్క నోటినిండా దూది, మాట్లాడే వీల్లేదు. బొమ్మ స్పష్టంగా వచ్చింది. స్క్రూ మొన నరం దారిలో దిగబడి ఉంది.

మర్నాడు పొద్దున్నే అక్క ఫోన్ చేసింది.

"పెదవి ఇంకా మొద్దులానే ఉందే. ఈ మత్తు దిగదేంటి?"

వెంటనే స్క్రూ తీసేస్తే స్పర్శ తిరిగి రావచ్చు. తీయాలంటే ఎందుకు తీస్తున్నావో చెప్పాలి.

"కొందరికి అంతేనక్కా. మెల్లగా దిగుతుందిలే."

మెల్లగా దిగలేదు. తీయాల్సిన గడువు దాటిపోయింది. పెదవులు కలిపి పలకాల్సిన అక్షరాలన్నీ అక్క నోట్లో జారిపోసాగాయి. రేడియో వాళ్ళు సెలవు తీసుకోమన్నారు. వచ్చినప్పుడల్లా చెల్లెలు ఆమె చేతికి అద్దమిచ్చి, పెదవి మీద సూది మొనతో తాకి, "తెలుస్తోందా?" అని అడిగేది. అద్దంలో సూదిని చూస్తూ అక్క, "ఆఁ, కొంచెం తెలుస్తున్నట్టే ఉంది" అనేది. "చూశావా, వచ్చేస్తోంది" అనేది చెల్లెలు. అద్దం తీసేసి ఒక్కసారీ అడగలేదు.

ఆ ధైర్యంతోనే అక్క రేడియో స్టేషన్ మేనేజరును ఇంటికి భోజనానికి పిలిచింది. తనను మళ్ళీ తీసుకోమని ఎదురుగా కూర్చుని అడగాలని ఆమె ఆశ. చెల్లెల్నీ రమ్మంది. భోజనాలయ్యాక అందరికీ ఐస్‌క్రీమ్ పెట్టి, తనూ తింటూ కబుర్లు చెబుతోంది. తెల్లటి ధార ఒకటి కింది పెదవి దాటి గడ్డం మీదికి జారి అక్కడే నిలిచింది. మేనేజరు చూశాడు. వెంటనే తల దించుకుని తన గిన్నెలోకి చూసుకున్నాడు.

అక్క నీళ్ళు తెచ్చే నెపంతో చెల్లెల్నీ వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆయన అలా మొహం తిప్పుకుంటాడేంటే? నా మూతికేమన్నా అంటిందా?"

అంటిందంటే, మరి నాకెందుకు తెలియలేదని అడుగుతుంది. చల్లటి ఐస్‌క్రీమ్ గడ్డం మీద కారుతుంటే తెలియకపోవడమేంటని అడుగుతుంది. అక్కడితో ఆగదు. చెల్లెలు ఆ తెల్లటి మరక వైపే చూసింది.

"లేదక్కా. శుభ్రంగా ఉంది."

అక్క తల ఎత్తుకుని వెళ్ళి మేనేజరు ఎదురుగా కూర్చుంది.

"స్పర్శ పూర్తిగా వచ్చేసిందండీ. రేపటి నుంచి రమ్మన్నా వస్తాను. కావాలంటే మా చెల్లెల్నే అడగండి, అన్నీ దగ్గరుండి చూసింది అదే."

గడ్డం చివర ఆగిన చుక్క ఆమె ఒళ్ళో పడింది. మేనేజరు చెల్లెలి వైపు తిరిగాడు.

"అవునండీ, వచ్చేసింది" అంది చెల్లెలు.

ఆయన చెంచా కింద పెట్టి, ఇంకొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి, కొత్తమ్మాయి బాగానే చదువుతోంది అన్నాడు. అక్క ఇంకా నవ్వుతూనే ఉంది.