రాజమల్లన్నకు జర సందియ్యి

మా ఇబ్రహీంకు నోరెక్కువ. ఆ సంగతి మరిపెడంతా తెలుసు. ఫ్యాను బాగుచేయించుకుందామని దుకాణానికి వచ్చినవాళ్లు సగం పూట పోగొట్టుకుని వెళ్తారు. అది చాలదన్నట్టు సర్కారు పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, డాబా మీద తీగ కట్టి, హామ్ రేడియోలో దూరపు ఊళ్లవాళ్లతో కూడా మాట్లాడతాడు. పెళ్లయిన కొత్తలో ఆ డబ్బాను చూసి నాకు సవతి దొరికిందనుకున్నాను.

టేకుమట్ల రాజమల్లన్న అలా రేడియోలో దొరికిన మనిషే. మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నది లేదు. ఆదివారం పొద్దున వీళ్లిద్దరి ముచ్చట నడిచేది. చివర్లో రాజమల్లన్న తప్పకుండా "చెల్లెనడుగు, ఇయ్యాల ఏం కూర?" అనేవాడు. లైసెన్సు లేనిదాన్ని కనుక నేను వంటింట్లోంచే అరిచేదాన్ని, ఈయన చేరవేసేవాడు. ప్రతి వారం అదే ప్రశ్న! ఈ మనిషికి కూర తప్ప వేరే లోకం లేదా అని విసుక్కునేదాన్ని.

ఈ ఎండాకాలం రాజమల్లన్న గొంతుకు ఆపరేషన్ అయింది. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది కానీ మాట పోయింది. మొన్న శుక్రవారం ఆయన బిడ్డ హర్షిణి ఫోన్ చేసింది.

"అత్తా, బాపు ఎవ్వరి దిక్కు చూస్తలేడు. పలక మీద రాయమన్నా రాస్తలేడు. రేడియో ఎవలకన్న ఇచ్చెయ్యమంటుండు. నేనే బతిలాడిన. ఈ ఆదివారం ఒక్కపాలి టకటక కొట్టి చూస్తనని ఒప్పుకున్నడు. మామ పలకకుంటే మల్ల దాని మొఖం గూడ చూడడట."

టకటక అంటే ఒక్కో అక్షరాన్నీ పొట్టి, పొడుగు చప్పుళ్లుగా కొట్టి పంపడం. ఇద్దరూ పరీక్ష కోసం ఒకప్పుడు నేర్చుకున్నదే. రాజమల్లన్న చెవులకు ఏమీ కాలేదు. మా ఆయన ఎప్పటిలాగే మాట్లాడొచ్చు, ఆయన చప్పుళ్లతో జవాబిస్తాడు.

శనివారం గాలివాన వచ్చింది. డాబా మీది తీగ గుంజతో సహా పక్కింటి రేకుల మీద పడింది. కరెంటు పోయింది, ఫోన్లూ మూగబోయాయి. మా తీగ పడిపోయిందని రాజమల్లన్నకు చెప్పే దారి లేదు.

ఆదివారం పొద్దున ముసురులోనే ఇబ్రహీం తీగ చుట్ట, ఆటో బ్యాటరీ, రేడియో సర్దాడు. "యాకయ్య మామిడితోటకు పోదాం."

"పిడుగులు పడే కాలంల చెట్లకు తీగ కడతవా? దిమాఖ్ ఉన్నదా?" అన్నాను.

"ఇంకా ఉరుముతలేదు గదా. ఆయన కూసొని కొడుతుంటడు షహనాజ్. నేను పలకకుంటే ఎట్ల?"

 ఉరుము దగ్గరికొస్తే తీగ దించాల్సిందేనని షరతు పెట్టి గొడుగు తీసుకున్నాను.

తోటలో తీగను పైకి లాగాలంటే తాడుకు ఇటుక ముక్క కట్టి కొమ్మ మీదుగా విసరాలి. ఆయన విసిరిన ప్రతిసారీ అది ఆయన నెత్తి మీదికే వస్తోంది. లాక్కుని నేను విసిరితే ఒక్క దెబ్బకు కొమ్మ దాటింది. తోట యజమాని యాకయ్య పకపకా నవ్వాడు. "అక్కా, పిట్టలు కొట్టనీకి నీకు ఒడిసెల ఇయ్యాలె!"

టార్పాలిన్ కింద రేడియో పెట్టి, దాని మీద గొడుగు పట్టాను. నా వీపు తడిసిపోయింది. ఇబ్రహీం మైకు అందుకుని మీట నొక్కాడు. మీట నొక్కి మాట్లాడినంతసేపు అవతలి చప్పుడు వినపడదు.

"రాజమల్లన్నా, నేను ఇబ్రహీంను. వినవడుతుందా?" రెప్పపాటు ఆగి మళ్లీ మొదలు. "అన్నా, మా తీగ వడిపోయింది, తోటల ఉన్నం. పలుకు అన్నా!" మళ్లీ రెప్పపాటు. మళ్లీ మాటలు. రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు.

దూరంగా, గార్ల వైపు ఉరిమింది. ఇబ్రహీం నా వైపు తిరిగాడు. కళ్లు ఎర్రబడ్డాయి. "రాలే షహనాజ్. రేడియో ఇచ్చేసిండేమో."

జాలి పడాల్సింది పోయి నాకు మండిపోయింది.

"ఎట్ల వస్తడు? నువ్వు నోరు మూస్తే గదా! మాటున్నోడైతే నడుమ దూరుతడు. వేలుతోని ఒక్కొక్క అచ్చరం కొట్టేటోడు నీ నడుమ ఎట్ల దూరాలె? ఆయనకు జర సందియ్యి!"

మైకు గుంజుకుని చంకలో పెట్టుకున్నాను. మా ఆయన అంతసేపు నోరు మూసుకుని కూర్చోవడం నా కాపురంలో అదే మొదటిసారి. ఆకుల మీద వాన, డబ్బాలో గరగర. యాకయ్య కూడా బీడీ ఆర్పేశాడు.

అప్పుడు వినిపించింది. సన్నగా, ఆగి ఆగి, పసిపిల్ల అడుగులు వేస్తున్నట్టు టకటక. ఇబ్రహీం కళ్లు మూసుకుని అక్షరాలు కూడబలుక్కున్నాడు. తెలుగు మాటనే ఇంగ్లిష్ అక్షరాల్లో కొడుతున్నాడు రాజమల్లన్న.

"చె... ల్లె..." ఇబ్రహీం కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "చెల్లె, ఏం కూర?"

నేను బోరుమన్నాను. "ఇంక పొయ్యే అంటియ్యలే అన్నా! నీ కోసం పొద్దటిసంది వానల నిలవడ్డ!"

మైకు మీట నొక్కలేదన్న సోయి కూడా లేదు నాకు. ఇబ్రహీం నా చంకలోంచి మైకు లాక్కుని చేరవేశాడు. "పొయ్యి అంటియ్యలేదట అన్నా. తిడుతుంది." ఈసారి తనంతట తానే ఆగాడు.

గబగబా నాలుగు చప్పుళ్లు, రెండు చప్పుళ్లు. మళ్లీ నాలుగు, రెండు.

"గిది రేడియోలోళ్ల నవ్వు," అన్నాడు ఇబ్రహీం, కళ్లు తుడుచుకుంటూ. "అన్న నవ్వుతుండు, షహనాజ్."

ఉరుము దగ్గరికొచ్చింది. తాడు విప్పడానికి కదులుతూ, "వచ్చే ఆదివారం చేపల పులుసని చెప్పు. అడగకుంటే ఊకోనని గూడ చెప్పు," అన్నాను.

ఆయన చెప్పి, మైకు కింద పెట్టేశాడు. తాడు పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ టకటక వచ్చింది. ఆ చివరి మాట నాకోసం ఇబ్రహీం పైకి చదివాడు.

"వస్త."

అప్పుడు తీగ దించాను.