రాశి అడుగున కాయ

సత్తిరాజు గారు మలికిపురంలో కొబ్బరికాయల వ్యాపారి. రాశి పైనున్న కాయల్ని ఆయన చూడరు. అడుగు నుంచి నాలుగు లాగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, అప్పుడు ధర చెబుతారు.

1998 మే నెలలో కొడుకు రాజేంద్రప్రసాద్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. కంపెనీలో స్టోర్స్ సూపర్‌వైజర్‌ని చేశారనీ, ఇక భార్యాపిల్లల్ని తెచ్చుకోవచ్చనీ చెప్పాడు. పిల్లల చదువుకి అక్కడ రెండు దారులు. ఇంగ్లీషువాళ్ల బడి ఫీజు అతని జీతానికి అందదు. మన దేశంవాళ్లు సంఘం పెట్టుకుని లాభం చూసుకోకుండా నడిపే బడి ఇంకొకటుంది. అక్కడ ఫీజే తక్కువ, అందులోనూ సగం కంపెనీ కడుతుంది.

ఆ సగం దగ్గరే సత్తిరాజు గారికి అనుమానం వచ్చింది. సగం ధరకి ఇచ్చే సరుకులో లోపం ఉండి తీరుతుందని ఆయన లెక్క. మనవడు సురేష్‌ని, మనవరాలు శ్రీదుర్గని అమలాపురం హాస్టల్లో వేసి కోడలు ఒక్కతే వెళ్లాలన్నారు. సురేష్‌కి తొమ్మిదేళ్లు, చెల్లెలికి ఆరు. పిల్లలు లేకుండా విమానం ఎక్కనని భవానీదేవి మావగారితో అనలేదు. అత్తగారితో అంది. ఆవిడ భర్తకి చేరవేసింది.

ఆయన కొంచెం తగ్గారు. ఆ బడిలో చదివే పిల్లల్ని చూపిస్తే అప్పుడు చెబుతానన్నారు.

జూన్, జూలైల్లో మస్కట్ బడికి సెలవులు. కబురు పెడితే చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముగ్గురు పిల్లలు తల్లులతో వచ్చారు. ఒకడు ఫస్టు, ఇంకొకడు సెకండు. మూడో పిల్ల చేతులు తిప్పుతూ ఇంగ్లీషు పద్యం చెప్పింది. సత్తిరాజు గారు అందరికీ బొండాలు కొట్టించి పంపేశారు.

"ఇయ్యన్నీ పైకాయలమ్మా. ఆఖరి ర్యాంకోణ్ణి చూపించు" అన్నారు కోడలితో.

వీసాకి కాగితాలు నెలాఖరులోగా పంపాలి. భవానీదేవి ఇల్లిల్లూ తిరిగింది. మస్కట్ బడిలో ఆఖరి ర్యాంకు ఎవరికీ రాలేదని తేలింది. ఒకావిడ కొడుకు ఫస్టు కాదని ఒప్పుకుని, తప్పు జ్వరం మీద పెట్టింది. ఇంకొకావిడ ఆ మాట వినగానే పొయ్యి మీద పెట్టిన కాఫీ దించేసింది.

ఆదివారం ఇంటి ముందు ఆటో ఆగింది. ఒకావిడ తొమ్మిదేళ్ల అబ్బాయితో దిగి, తన పేరు కనకదుర్గ అనీ, రాజోలు నుంచి వచ్చామనీ చెప్పింది.

"ఆఖరోడి కోసం తిరిగేరంటగా అండీ. మావాడేనండి. కిందటేడూ వీడే, ఈ ఏడూ వీడే."

భవానీదేవి వాళ్లని లోపలికి పిలిచింది. భోజనానికి ఉండమంది.

సత్తిరాజు గారు ఆ అబ్బాయిని, పేరు రాంబాబు, అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నారు. వందకి ఆరు కాయలు కుళ్లితే రెండు వేలకి ఎన్ని పోతాయని అడిగారు. రాంబాబు వేళ్లు లెక్కపెట్టుకుని అరవై అన్నాడు. అని, ఆగమన్నట్టు చెయ్యి చూపించాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టి నూట ఇరవై అన్నాడు.

"ఊపి కూడా చూడండి బాబాయిగారూ, నీళ్లున్నాయేమో" అంది కనకదుర్గ.

ఆయన వినిపించుకోలేదు.

"ఆఖరోడివని మాస్టార్లు కొడతారా?"

"లేదండి. బడయ్యాక టీచరుగారు మమ్మల్ని కూచోబెట్టి మళ్లీ చెప్తారండి. బస్సెళ్లిపోద్దండి. ఆవిడే కార్లో దింపుతారు."

"దానికి వేరే ఫీజా?"

"లేదండి."

సత్తిరాజు గారు వడ్డించమని లోపలికి కేకేశారు.

భోజనాల దగ్గర రాంబాబు పక్కన సురేష్ కూర్చున్నాడు. రాంబాబు వాణ్ణి పదమూడో ఎక్కం అడిగాడు. రాలేదు. పన్నెండు అడిగాడు. సురేష్ తల వంచుకుని పప్పు కలపసాగాడు. రాంబాబు సత్తిరాజు గారి వైపు తిరిగాడు.

"వీణ్ణి తప్పకుండా పంపండి తాతగారూ. మా క్లాసులోనే వెయ్యండి."

సత్తిరాజు గారు అన్నంలో పులుసు పోసుకుని, తలెత్తకుండానే కోడల్ని అడిగారు.

"ఆ వీసాకి పిల్లల ఫొటోలు ఎన్ని కావాలంటన్నారమ్మా?"

భవానీదేవి పెరుగు గిన్నె తెచ్చింది. ముందు మావగారికి వెయ్యాలి. రాంబాబుకి వేసింది.