వెంట్రుకవాసి

ఇడ్లీ పిండి పొంగిందో లేదో చూద్దామని దీనా వేడినీళ్ళ సిలిండరున్న అలమర తలుపు తీసింది. ఈ చలిదేశపు జాన్సన్‌విల్‌లో తెలుగువాళ్ళ పిండి పొంగేది ఆ అలమరలోనే. బయట పెడితే తెల్లారినా రుబ్బినది రుబ్బినట్టే ఉంటుంది. ఆ ఊరి గాలి సంగతి చెబితే మీరు నమ్మరు. మొన్న ఎవరింటి పిల్లలు ఎగిరే ట్రాంపొలీనో మూడు కంచెలు దాటొచ్చి వీళ్ళ పెరట్లో పిలవని చుట్టంలా చతికిలబడింది. ఇప్పటికీ కదలనంటోంది.

పిండి పొంగింది. "అంతా దేవుని కృప, అమ్మాయ్" అంది వెనక నుంచి అత్తగారు శిరోమణి. పోయినవారం పొంగనప్పుడు ఈవిడే, "నీ చేతి మహిమేమిటో, పిండి కూడా లేవనంటోంది" అంది. దీనా అప్పుడూ నవ్వింది, ఇప్పుడూ నవ్వింది. నవ్వేసి బాత్రూమ్‌కి వెళ్ళింది.

పొద్దుటి నుంచి ఎన్నోసారో తనకే తెలీదు. వెళ్ళిన ప్రతిసారీ టిష్యూని కిటికీ వెలుతుర్లో పెట్టి చూసుకుంటుంది. తెల్లగా ఉంటే మళ్ళీ కాసేపు ఊపిరాడుతుంది. కడుపుతో ఇది తొమ్మిదో వారం. కిందటేడు పదో వారంలో పోయింది.

హాల్లో మొగుడు జోనథన్ అద్దం ముందు ప్రసంగం వల్లె వేస్తున్నాడు. వారమంతా సాఫ్ట్‌వేరు, ఆదివారం తెలుగు క్రైస్తవ సంఘంలో వాక్యం. "గురుత్వాకర్షణ వెంట్రుకవాసి ఎక్కువైతే నక్షత్రాలు గబగబా మండి ఆరిపోయేవి. వెంట్రుకవాసి తక్కువైతే అసలు వెలిగేవే కాదు. ఇన్ని మీటలు, ప్రాణం పుట్టడానికి సరిపోయేట్టు తిప్పి పెట్టిందెవరు?" అద్దంలో దీనాని చూసి ఆగాడు. "చివర్లో నువ్వు లేచి మన బిడ్డ సంగతి చెప్పాలి. సైన్సు నాది, సాక్ష్యం నీది."

"మూడు నెలలైనా నిండలేదండీ. ముందు లోపలిది నిలబడనివ్వండి, తర్వాత నేను నిలబడతాను."

"అదేం విశ్వాసం దీనా? నమ్మకం ఉన్నవాళ్ళు ముందే చెబుతారు."

ఇడ్లీలు తిన్నారు, గిన్నెలు దీనా తోమింది, అందరూ కారెక్కారు. దారంతా ఆమె సీటుబెల్టుని పొట్టకి తగలకుండా వేళ్ళతో ఎత్తి పట్టుకునే కూర్చుంది. మీటల సంగతి ఆమెకు అబద్ధమని అనిపించలేదు. నిజమే అయ్యుండొచ్చు. అంత పెద్ద ఆకాశాన్ని సరిచేసి పెట్టినవాడు ఉండే ఉండొచ్చు. కానీ కిందటేడు, నా కడుపు దాకా వచ్చేసరికి ఆయన చెయ్యి వణికిందా అని ఒక్కరంటే ఒక్కరు అడగలేదే! అందరూ అడిగింది ఒకటే. నువ్వు పనిచేసే వృద్ధుల రెస్ట్ హోమ్‌లో ఆ వారం ఏ ముసలమ్మని ఎత్తావు, నైట్ డ్యూటీ ఎందుకు ఒప్పుకున్నావు, మెట్లు ఎందుకు ఎక్కావు. "చెప్తే విన్నావా?" అన్నాడు ఈ జోనథనే, ఆస్పత్రి మంచం పక్కనే నిలబడి. ఆ డ్యూటీల జీతంతోనే ఇంటి వాయిదా కడుతున్నామన్న మాట అప్పుడు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నిలబడితే ఆయన ఏర్పాటు, పోతే నా పొరపాటు. ఇదెక్కడి లెక్క? అయినా ఆమె ప్రార్థన మానలేదు. బాత్రూమ్ తలుపు తీసే ముందు ప్రతిసారీ చేస్తూనే ఉంది. ఆమెకు కావలసింది ఋజువయ్యే దేవుడు కాదు, బతిమాలుకోడానికి దొరికే దేవుడు.

సంఘం కూడే కమ్యూనిటీ హాలు ముందు కారాగింది. గాలికి కారు ఉయ్యాల్లా ఊగుతోంది.

"ఒక్క నిమిషం మాట్లాడితే చాలు" అన్నాడు జోనథన్, బతిమాలుతున్నట్టే.

"మాట్లాడతానండీ. నాకో మాటివ్వండి. రేపు ఇదీ పోతే, మీరు మళ్ళీ అదే మైకు పట్టుకుని, అదే జనం ముందు, ఇది కూడా ఆయనే చేశాడని చెబుతారా? నా డ్యూటీల ఊసెత్తకుండా?"

"సాతాను మాటలు మాట్లాడకే!" వెనక సీట్లో శిరోమణి గుండె మీద చెయ్యేసుకుంది.

జోనథన్ నోరు తెరిచాడు. ఎప్పుడూ మాటకి తడుముకోని మనిషి. "అది... అది వేరు కదా, దీనా."

"ఎలా వేరు?"

లోపల పాటలు మొదలయ్యాయి. ఎవరో గుమ్మంలోకొచ్చి, రండి రండి అని చెయ్యూపారు.

దీనా సీటుబెల్టు తియ్యలేదు.

"మీరెళ్ళి నక్షత్రాల సంగతి చెప్పండి. నా కడుపు సంగతి మాత్రం మైకులో రాకూడదు. ఇది పుడితే నా బిడ్డ, పోయినా నా బిడ్డే. ఋజువు మాత్రం కాదు."