బుడగల బాబాయి

'శత్రువు'లో 'త్రు' పట్టించడానికి అతను ఊపిరి బిగబట్టాడు. నీలం పెన్సిలుతో గీసుకున్న రెండు గీతల మధ్య చోటు తక్కువ. వత్తు కాస్త జారిందంటే కింది వరసలో అక్షరం నెత్తిన కూర్చుంటుంది. కలం మెల్లగా తిప్పి, వెంట్రుకవాసి దూరంలో ఆపి, అప్పుడు గాలి వదిలాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. భుజాలు ముందుకి వంగిపోయాయి. కుడిచేతి మధ్యవేలు పక్కన చింతగింజంత కాయ కాసింది. బొమ్మల పుస్తకాల్లో మనుషుల నోటి దగ్గర బుడగలు గీసి, వాటిలో మాటలు రాయడం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అతని పని. అరిస్తే ముళ్ళ బుడగ, గుసగుసలాడితే చుక్కల బుడగ. ఆఫీసులో అందరికీ అతను బుడగల బాబాయే. కథ రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు పుస్తకం మీద ఉండేవి. అతని పేరు ఎన్నడూ లేదు, అతనూ అడగలేదు.

ఈ ఏడాది వైకింగుల కథ పట్టుకున్నారు. వెయ్యేళ్ళ కిందట మంచుదేశాల నుంచి పొడుగు పడవల్లో వచ్చి తీరాల మీద పడిన ఓడదొంగల చరిత్ర అది. టీవీలో ఆదివారం ఆదివారం వస్తుంటే ఊరంతా నోరు తెరుచుకుని చూస్తోంది. దాన్నే బొమ్మల పుస్తకం చేస్తున్నారు. ఆఖరి భాగం వచ్చిన మర్నాడే పుస్తకం అంగళ్ళలో ఉండాలి కాబట్టి కథ ముందే వీళ్ళ చేతికొచ్చింది. ఒక్క ముక్క బయటికి పొక్కకూడదని అందరిచేతా సంతకాలు పెట్టించుకున్నారు. పొద్దున రాగానే ఫోన్లన్నీ ట్రేలో పెడితే సంపాదకుడు బీరువాలో దాచి తాళం వేస్తాడు.

"మా అక్క ఆసుపత్రిలో ఉంది సార్. ఇవాళొక్క రోజు ఫోను నా దగ్గరుంచుకుంటాను," అని అడిగాడు పొద్దున.

సంపాదకుడు చెడ్డవాడేం కాదు. "మీకిస్తే అందరూ అడుగుతారు బాబాయ్. ముందు గదిలో ఆఫీసు ఫోనుందిగా, ఆ నంబరివ్వండి వాళ్ళకి," అన్నాడు.

తలూపాడు. ఆసుపత్రికి ఆ నంబరు చెప్పి, ఫోను ట్రేలో పెట్టాడు.

మధ్యాహ్నం అన్నం మాని రెండు వీధుల అవతలున్న ఆసుపత్రికి నడిచాడు. అక్క అతనికంటే తొమ్మిదేళ్ళు పెద్ద. అమ్మానాన్నలు పోయాక చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టి అతన్ని పెంచింది. పెళ్ళి మాట ఇద్దరూ వాయిదా వేస్తూ వేస్తూ ఒకే ఇంట్లో ముసలివాళ్ళయారు. పుస్తకం తెస్తే బొమ్మలు చూసేది కాదు. వేలు పెట్టి బుడగలొక్కటే చదివేది. "నీ రాత ముందు ఆ బొమ్మలేపాటిరా," అనేది. పది రోజులుగా ఊపిరితిత్తుల్లో నీరు, ఆయాసం.

ముక్కు దగ్గర గొట్టం సర్దుకుని, "ఒరే, వాడు బతుకుతాడా?" అంది.

"ఎవరక్కా?"

"అదేరా, గడ్డం జడేసుకున్న నాయకుడు. మొన్న ఆదివారం బల్లెం దిగింది చూడూ. నీకు తెలుసుగా."

తెలుసు. ఆ పేజీ అతని బల్ల మీదే ఉంది. పక్క మంచం ఆవిడా, ఆవిడ కూతురూ చెవులు రిక్కించారు.

"వచ్చే ఆదివారం చూద్దువుగానిలే."

"అందాకా ఆగలేనురా. నా చెవిలో చెప్పు."

వంగాడు. నూనె లేని జుట్టు అతని చెంపకి గరుగ్గా తగిలింది. సంతకం పెట్టిన కాగితం కళ్ళముందు కదిలింది. వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

అక్క నవ్వింది. "సర్లే, పో. నీ ఉద్యోగానికి ఎసరు పెట్టడం నాకెందుకు."

ఆఫీసుకొచ్చి నాయకుడి చావు పేజీ ముందేసుకున్నాడు. నలభై ఆరు మాటలు. బుడగ గీస్తే బొమ్మలో సగం ఆకాశం దానికే పోయింది.

"చచ్చిపోయేవాడు ఇన్ని మాటలు మాట్లాడతాడా సార్?"

"టీవీలో ఆగి ఆగి మూడు నిమిషాలు మాట్లాడతాడట బాబాయ్. ఒక్క అక్షరం తగ్గించొద్దన్నారు."

మళ్ళీ గీతలు గీసుకుని సన్నగా మొదలుపెట్టాడు. రెండో వరసలో ఒక అక్షరం ఎగిరిపోయింది. అలా తప్పు పడి ఎన్నేళ్ళయిందో. తెల్లరంగు పూసి, అది ఆరేదాకా కూర్చున్నాడు. అక్క ఎవరితో చెప్పేది గనక? అతను పదో తరగతి తప్పిన సంగతి చుట్టాల్లో ఒక్కరికీ తెలియకుండా ఇన్నేళ్ళూ కడుపులో దాచుకున్న మనిషి.

లేచి సంపాదకుడి గదికెళ్ళాడు. "ఒక్క మనిషికి చెప్పొచ్చా సార్, వాడు పోతాడని?"

సంపాదకుడు వేళాకోళం అనుకున్నాడు. "సంతకం పెట్టాక ఇంకెవరికి చెబుతారు బాబాయ్!" అని నవ్వాడు. అతనూ నవ్వి వచ్చేశాడు.

ఆఖరి వరసలో ఉండగా ముందు గదిలో ఫోను మోగింది. అక్కడి అమ్మాయి ఎత్తుతుందిలే అనుకున్నాడు. ఆ అమ్మాయి ఐదింటికే వెళ్ళిపోయిందని గుర్తొచ్చేసరికి మోత ఆగింది. మళ్ళీ మోగింది. కలం సగం అక్షరంలో ఉంది. అది పూర్తిచేసి పరుగెత్తాడు. చెయ్యి వెయ్యబోతుండగా ఆగిపోయింది. కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఇక మోగలేదు.

పేజీ అప్పగించి, బీరువాలోంచి ఫోను తీసుకుని రోడ్డెక్కాడు. చెప్పేద్దామనుకున్నాడు. ఉద్యోగం పోతే పోనీ. ఎలా చెప్పాలో కూడా దారిలో కూర్చుకున్నాడు: "పోతాడక్కా. కానీ మనందర్నీ చంపి మరీ పోతాడు, అంతసేపు మాట్లాడతాడు." నవ్వుతుంది. నవ్వితే దగ్గొస్తుంది, వీపు నిమరాలి.

మంచం మీద పరుపు చుట్టేసి ఉంది.

"అరగంటైందండీ," అంది నర్సు. "మీరిచ్చిన నంబరుకి రెండుసార్లు చేశాం."

"అక్క ఏమన్నా అందా?"

"లేదండీ. నిద్రలోనే."

ఎవరో చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. అలవాటైన చెయ్యి, ఒక్క అక్షరమూ వంకరపోలేదు. పక్క మంచం ఆవిడ కూతురు ఒక కవరు తెచ్చి చేతికిచ్చింది. "అక్కయ్యగారివండీ ఇవి."

వరండాలో బెంచీ మీద కూర్చుని కవరు విప్పాడు. దువ్వెన, తువ్వాలు. అడుగున ఒక కమలాపండు. గోటితో సగం దాకా ఒలిచి, చేతకాక వదిలేసినట్టుంది. తొక్క తీసినంత మేరా తొనలు గాలికి ఆరి, పైపొర తెల్లగా బిగుసుకుపోయింది.