పాత ఆరున్నర, పెద్ద ఆరున్నర

ఆగస్టు మూడో శనివారం పొద్దున్నే వేట జట్టు పదకొండుమందీ ఇసుక గొయ్యి పక్కనున్న గురి మైదానంలో చేరారు. ఏటేటా తప్పని పరీక్ష అది. వంద మీటర్ల అవతల చెక్క మీద దుప్పి బొమ్మ, దాని రొమ్ము దగ్గర అన్నం కంచమంత వలయం. అయిదు గుళ్లూ ఆ వలయంలో పడితేనే ఆ ఏడు తుపాకీతో అడవిలోకి వెళ్లనిస్తారు.

తన వంతు వచ్చాక తోర్దిస్ సంచీ విప్పింది. మూడేళ్లుగా అందరూ చూస్తున్న నల్లటి మాగ్నమ్ తుపాకీ కాదు బయటికి వచ్చింది. చెక్క పిడి నూనె తాగి తాగి నల్లబడ్డ పాత తుపాకీ. చనిపోయిన వాళ్లమ్మది.

"ఏంటక్కా, దోమల్ని కాల్చడానికా అది? ఎక్కువయ్యాయా మీ వైపు?" అన్నాడు యోస్తైన్. వాడు ఆమె పెదనాన్న కొడుకు. నలుగురైదుగురు నవ్వారు.

"నీకంటే తక్కువే విసిగిస్తున్నాయిలే," అని తోర్దిస్ బోర్లా పడుకుని తూటాలు పెట్టుకుంది.

రెండు తుపాకుల గొట్టం కొలతా ఒకటే, ఆరున్నర మిల్లీమీటర్లు. బయటికి దూసుకెళ్లే గుండు కూడా ఒకే లావు. తేడా అంతా గుండు వెనక ఉండే ఇత్తడి డొల్లలోనే. మాగ్నమ్‌ది పొడుగు, లావు, ఇంకో సగం ఎక్కువ తుపాకిమందు పడుతుంది. అందుకే దూరం పోతుంది, గట్టిగా కొడుతుంది. కాల్చినవాడి భుజాన్నీ అంతే గట్టిగా తన్నుతుంది. జట్టులో దాన్ని పెద్ద ఆరున్నర అంటారు, ఆమె చేతిలో ఉన్నదాన్ని పాత ఆరున్నర.

అయిదు గుళ్లూ అరచేతిలో పట్టేంత మేరలో పడ్డాయి. ఆమె లేచి మోకాళ్లకంటిన ఇసుక దులుపుకుంటుంటే పెదనాన్న హాల్వార్ దగ్గరికొచ్చాడు. ఇరవై రెండేళ్లుగా జట్టుకి పెద్ద ఆయనే. మూడేళ్ల కిందట ఆమెని దగ్గరుండి కొట్టుకి తీసుకెళ్లి మాగ్నమ్ కొనిపించింది కూడా ఆయనే.

"బొమ్మ చక్కగా చచ్చింది," అన్నాడు. "బొమ్మ పరిగెత్తదు. నా జట్టులో దీంతో మాటు కాయడానికి వీల్లేదు."

"చట్టం వీలుందంటోంది పెదనాన్నా."

"చట్టం రెండు రోజులు అడివంతా తిరగదు అమ్మాయ్. పోయినేడు మేం తిరిగాం. నీవల్ల."

పోయిన అక్టోబరులో తోర్దిస్ ఒక ఆడ దుప్పిని కాల్చింది. డెబ్బై మీటర్లు, కదలకుండా అడ్డంగా నిలబడి ఉంది. గుండు ఊపిరితిత్తుల్లో పడాల్సింది కిందికి జారి ముందుకాలు విరగ్గొట్టింది. గుర్రమంత జంతువు మూడు కాళ్ల మీద రెండు రోజులు పరిగెత్తింది. గాయపడ్డవాటిని వెతికే జాడ కుక్కని నడిపించే బోర్గిల్డ్ వెంట తోర్దిస్ కూడా ఆ రెండు రోజులూ నడిచింది. చివరికి వాగులో నిలబడి వణుకుతున్నదాన్ని కాల్చి బాధ తీర్చింది బోర్గిల్డే. ఆ తర్వాత చలికాలమంతా ఆవులకి పాలు పితుకుతూ కూడా తోర్దిస్‌కి ఆ వాగే కనిపించేది.

"అవును, నావల్లే," అంది ఇప్పుడు. "ఎందుకో ఎవరూ అడగలేదు. చెప్తాను వినండి. నేను కళ్లు మూసుకున్నాను."

"ఏంటీ?"

"ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకున్నాను. ఆ పెద్దది చేతిలో ఉంటే వేలు కదలకముందే నా భుజం భయపడుతుంది. గొట్టం కిందికి పోతుంది."

"భయమైతే సాధన చెయ్యాలి."

"వేసవంతా రెండు వందల తూటాలు కాల్చాను. కాల్చినకొద్దీ భయపడటమే బాగా అలవాటైంది." ఆమె తుపాకీని సంచీలో పెట్టింది. "ఒక దుప్పిని హింస పెట్టాను. రెండోదాన్ని పెట్టను. మీరు పెద్దవాళ్లని మీ మాట విని మూడేళ్లు దాన్ని మోశాను. ఇక మొయ్యను."

"గురువారం అందరం కూర్చుని తేలుద్దాం," అన్నాడు హాల్వార్. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

గురువారం సాయంత్రం మాంసం వేలాడదీసే కొట్టంలో కాఫీ పెట్టారు. ఎవరో వాఫుళ్లనే గళ్ల అట్లు, గోధుమరంగు జున్ను తెచ్చారు. హాల్వార్ నిలబడి ఒక్కటే మాట అడిగాడు: "ఈ జట్టులో మాగ్నమ్ కంటే చిన్న తూటా వాడకూడదు. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి."

తొమ్మిది చేతులు లేచాయి. తోర్దిస్ ఎత్తలేదు. మూల కూర్చున్న బోర్గిల్డ్ కూడా ఎత్తలేదు.

"నువ్వేంటి బోర్గిల్డ్?" అన్నాడు హాల్వార్.

డెబ్బైకి దగ్గరపడ్డ బోర్గిల్డ్ నోట్లోని వాఫులు నమిలి మింగింది. "ఇరవై ఆరేళ్లుగా మీరు పాడుచేసినవాటి వెనకాల తిరుగుతున్నాను," అంది. "పెద్ద తూటా తగిలినవీ ఉన్నాయి, చిన్న తూటా తగిలినవీ ఉన్నాయి. ఎక్కడ తగిలిందనే నేనెప్పుడూ అడిగేది. పొట్టలో తగిలితే ఏ తూటా అయినా ఒకటే. మూడూళ్ల అవతలిదాకా నడవాల్సింది నేనే."

"చేతులు లెక్కపెట్టాం. తీర్మానం అయిపోయింది."

"అయితే నాదీ ఒకటి రాసుకోండి," అంది తోర్దిస్. గోడమీద వేటభూమి పటం ఉంది. లేచి వెళ్లి వాగుకి ఉత్తరాన ఉన్న ముక్క మీద చెయ్యి పెట్టింది. "ఇదంతా నా పొలం వెనకాల అడివి. మొత్తంలో మూడో వంతు. నేను జట్టులో లేనప్పుడు ఇదీ లేదు. భూమిని బట్టే కదా దుప్పుల లెక్క, మిగిలినదానికి ఈ ఏడు ఎన్ని కాల్చుకోనిస్తారో అనుమతులిచ్చే ఆఫీసువాళ్లని అడగండి."

"బెదిరిస్తున్నావా అక్కా?" అన్నాడు యోస్తైన్.

"అవున్రా, బెదిరిస్తున్నాను. అర్థమయ్యేలానే ఉంది కదా?"

తొమ్మిది చేతుల్లో రెండు మూడు తమ యజమానులకే ఇప్పుడు ఇబ్బందిగా తోచినట్టు జేబుల్లోకి దూరాయి. హాల్వార్ పటంకేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. తమ్ముడి కూతురు. దానికి తుపాకీ పట్టుకోవడం నేర్పిన మనిషి తన మరదలు, ఆమె కూడా ఇంతే మొండి.

"ఈ ఒక్క ఏడుకి," అన్నాడు చివరికి. "నీకు ఊబి పక్క మాటు. ఎనభై మీటర్లు దాటితే కాల్చకూడదు."

ఊబి పక్కన దుప్పి కనబడి నాలుగేళ్లయింది. అందరికీ తెలుసు.

"ఎనభై చాలు," అంది తోర్దిస్.

అక్టోబరు అయిదున వేట మొదలైంది. మొదటిరోజు పొద్దున తొమ్మిదింటికి ఊబికి అటువైపు పెద్ద కొమ్ముల మగదుప్పి వచ్చి నిలబడింది. దూరం కొలిచే దుర్బిణిలో నూట అరవై మీటర్లు. తోర్దిస్ తుపాకీ ఎత్తనైనా లేదు. అది తీరిగ్గా ఆకులు మేసి, తల ఊపుకుంటూ తిరిగి వెళ్లిపోయింది. కొండమీద మాటులో ఉన్న యోస్తైన్ అంతా చూస్తూనే ఉన్నాడు.

"అక్కా, తూటాకి నడవడానికి ఓపిక లేదా?" అన్నాడు రేడియోలో. "నా పెద్దదైతే దాన్ని అక్కడే పడేసేది."

"పడేసేది. నేను నీ పెద్దదాన్ని పట్టుకోలేదు కదా."

"అందరూ నోరు మూయండి," అన్నాడు హాల్వార్.

ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్లి ఆవులకి పాలు పితికింది. ఆ కొమ్ముల్ని వదిలేసినందుకు బాధ లేకపోలేదు. అయినా ఇచ్చిన మాట ఆమెదే, ఎనభై అని ఒప్పుకున్నదీ ఆమే. మర్నాడు తెల్లారి మళ్లీ అదే మాటుకెళ్లింది.

పదకొండు దాటాక కుక్కల అరుపు దూరంనుంచి దగ్గరైంది. స్ప్రూస్ చెట్ల మధ్యనుంచి కుర్ర మగదుప్పి ఒకటి బయటికొచ్చి, కుక్కల్ని వినడానికి తల వెనక్కి తిప్పి నిలబడింది. అరవై మీటర్లు. అడ్డంగా. సరిగ్గా పోయినేడు ఆ ఆడదుప్పి నిలబడ్డట్టే.

తోర్దిస్ తుపాకీ ఎత్తింది. ఆ వాగు గుర్తొచ్చింది. భుజం ఏమంటుందోనని ఒక్క క్షణం ఆగింది. భుజం ఏమీ అనలేదు. తుపాకీ మీది దుర్బిణిలో గీతని ముందుకాలు వెనకగా పెట్టి, ఊపిరి సగం వదిలి, మెల్లిగా నొక్కింది.

తుపాకీ ఎవరో భుజం తట్టినంతగా తట్టింది. కళ్లు తెరిచే ఉన్నాయి. గుండు తగిలినచోట బొచ్చు ఒక్కసారి చెదరడం ఆమె కళ్లారా చూసింది. మూడేళ్లలో అది ఆమెకి ఎప్పుడూ కనబడలేదు.

దుప్పి పడలేదు. ఏమీ జరగనట్టు రెండడుగులు వేసి ఆగింది. ఆమె ఈలోగా ఖాళీ తూటా తీసేసి ఇంకోటి ఎక్కించి మళ్లీ కాల్చింది. మళ్లీ బొచ్చు చెదిరింది. అది తల దించుకుని, నడుచుకుంటూ చెట్లలోకి వెళ్లిపోయింది.

రేడియో గరగరలాడింది. "పడిందా?" హాల్వార్.

"లేదు. చెట్లలోకి నడిచింది."

"నడిచిందా? చూశావా మరి? బోర్గిల్డ్‌ని పంపుతున్నాను. ఎవరూ కదలొద్దు."

"ఎవర్నీ పంపకండి. రెండూ ఊపిరితిత్తుల్లో పడ్డాయి. పావుగంట ఆగి నేనే వెళ్తాను."

"నీకెలా తెలుసు?"

"చూశాను."

"అమ్మాయ్, జట్టు పెద్దని నేను. నేను చెప్పేది విను."

"వింటాను, పావుగంట తర్వాత. కాల్చింది నేను, జవాబు చెప్పాల్సింది నేను." ఆమె రేడియో గొంతు తగ్గించి పక్కన పెట్టింది.

పావుగంటయ్యాక తుపాకీ సిద్ధంగా పట్టుకుని వెళ్లింది. నాచుమీద లేతెరుపు నురగ నెత్తురు, ఊపిరితిత్తులది. నలభై నాలుగు అంగలు లెక్కపెట్టింది. దుప్పి పక్కకి ఒరిగి పడి ఉంది, కంట్లో కదలిక లేదు. ఆమె దాని మెడమీద చెయ్యి వేసి కాసేపు అలాగే కూర్చుంది.

హాల్వార్, యోస్తైన్ కలిసి వచ్చారు. హాల్వార్ మోకాళ్లమీద కూర్చుని రెండు గాయాల మీదా అరచెయ్యి పెట్టి చూశాడు. రెండూ ఆ చేతికిందే ఉన్నాయి.

"మాంసం చెడలేదు," అన్నాడు. పొగడ్తలాంటిదేదైనా ఉంటే ఆ రోజుకి అంతే.

నవంబరులో జట్టు మళ్లీ కూర్చున్నప్పుడు తోర్దిస్ చెయ్యెత్తింది. మాగ్నమ్ నియమం తీసేయాలంది. దాని బదులు ఆగస్టు పరీక్షలో ప్రతివాళ్ల తుపాకీలోనూ, ఎన్నోదో వాళ్లకి తెలియకుండా, మందులేని ఉత్తుత్తి తూటా ఒకటి కలపాలంది. పేలుతుందనుకుని నొక్కినప్పుడు పేలకపోతే, భయపడేవాడి గొట్టం అందరిముందూ కిందికి పోతుంది.

"అరవై ఏడేళ్లొచ్చాక నాకు పరీక్ష పెడతావా?" అన్నాడు హాల్వార్.

"అందరికీ పెదనాన్నా. నాకు కూడా."

ఆయన కాదని చెయ్యెత్తాడు. ఏడుగురు అవునన్నారు. ఆమె తన నల్ల మాగ్నమ్‌ని ఎత్తు కొండల్లో రెయిన్‌డీర్‌ని వేటాడే ఒకాయనకి అమ్మేసింది. అక్కడ దూరం నుంచి కాల్చక తప్పదు, ఆయన భుజానికి దాని తన్ను ఒక లెక్క కాదు.

మరుసటి ఆగస్టులో ఉత్తుత్తి తూటా దగ్గర యోస్తైన్ గొట్టం జానెడు కిందికి పోయింది. ఎవరూ నవ్వలేదు. వాడు లేచి ఇసుక దులుపుకుని, "అక్కా, ఆ పాతది ఒకసారి ఇస్తావా?" అన్నాడు. ఇచ్చింది.

ఆ తర్వాత హాల్వార్ బోర్లా పడుకున్నాడు, తన పెద్ద ఆరున్నరతో. మూడో తూటా టక్కుమంది, పేలలేదు. గొట్టం వెంట్రుకంత కూడా కదల్లేదు. ఆయన మెడ తిప్పి తోర్దిస్‌ని చూశాడు.

"చూశావుగా."

"చూశాను. మీకు అదే సరైనది. నాకు కాదు. మొదట్నుంచీ నేనన్నది అంతే."

"చిన్న తూటాతో దుప్పిని కొట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు."

"నచ్చక్కర్లేదు పెదనాన్నా. కాస్త పక్కకి జరగండి, నా వంతు."