కరగని రాళ్ళు

ఉదయం ఆరున్నరకల్లా తవిటమ్మ చెప్పులు బయట విప్పి, ఫోను గార్డు చేతికిచ్చి నిలబడేది. గార్డు తన కార్డు తాకిస్తే తలుపు తెరుచుకునేది. ఆమె లోపలికి అడుగుపెట్టగానే దానంతటదే మూసుకునేది. మళ్ళీ గార్డు వచ్చి తీస్తేనే బయటికి రావడం.

పాత కంటైనర్ పెట్టెకి తెల్ల రంగు వేసి, ఏసీ బిగించి తయారుచేసిన గది అది. కిటికీ లేదు. గోడకి ఒక అరికాలి బొమ్మ తగిలించారు, ఏ చోట నొక్కితే ఏ అవయవానికి మంచిదో చెప్పే రంగు చుక్కలతో. తలుపు మీద ‘వెల్‌నెస్ రూమ్’ అని రాసి ఉంటుంది గానీ, కళాసీలు మాత్రం దాన్ని తవిటమ్మ డబ్బా అనే పిలిచేవారు.

పోర్టు గోడౌన్లలో ఎరువు బస్తాలు మోసే కళాసీలు వాళ్ళు. షిఫ్టుకి ముందు వరసలో నిలబడి, ఒక్కొక్కరే లోపలికొచ్చి, చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకునేవారు. మనిషికి ఎనిమిది నిమిషాలు. తవిటమ్మ వెచ్చటి నువ్వులనూనె అరచేతులకి రాసుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి, వెన్నుపూసల పక్కనుంచి కిందికి దిగుతూ, నొప్పి ముడిపడిన చోట ఆగేది. బొటనవేలితో నొక్కిపట్టి, గుండ్రంగా తిప్పి, పైకి లాగేది. రాయి చేతిలోకి వచ్చేది.

బస్తాలు మోసేవాళ్ళ రాళ్ళు బూడిదరంగులో, చింతపిక్కంత ఉండేవి. స్టీల్ ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళవి ఎర్రగా, పట్టుకుంటే చురుక్కుమనేలా ఉండేవి. తట్టలు నెత్తిన పెట్టుకుని చేపలమ్మే ఆడవాళ్ళవి తెల్లగా ఉండి, ముసురు రోజుల్లో చెమర్చేవి. ఇవన్నీ ఆమె కంచరపాలెంలో, రైలుపట్టాల పక్క సందులో, తన ఇంటి అరుగు మీద కూర్చుని పాతికేళ్ళుగా తీసిన రాళ్ళు. తల్లి దగ్గర నేర్చుకున్న పని. తీసిన రాయిని నీళ్ళ కుండలో వేసి, వావిలాకు కాపడం పెట్టి, మనిషిని ఇంటికి పంపేది. రాయి కరిగేదాకా బరువెత్తకూడదు. కొందరిది మూడు రోజుల్లో కరిగేది, కొందరిది వారం పట్టేది. రాయి కరిగిందంటే లోపలి దెబ్బ మానిందని లెక్క.

డబ్బాలో కుండ లేదు. తీసిన రాళ్ళు ఒక ప్లాస్టిక్ బుట్టలో పడేవి, సాయంత్రం ఊడ్చేవాళ్ళు వచ్చి చెత్తతోపాటు ఎత్తుకుపోయేవారు. కళాసీ చొక్కా తొడుక్కుని నేరుగా గోడౌన్లోకి వెళ్ళి యాభై కిలోల బస్తా వీపుకెత్తుకునేవాడు.

ఈ పనికి ఆమెని తెచ్చింది తమ్ముడు కొండలరావే. అతనూ అక్కడి కళాసీయే. కాంట్రాక్టు కంపెనీ సంక్షేమం చూసే రమణమూర్తి అనే ఆయన, కళాసీలకి ఏదైనా మంచి చేయాలని మనస్ఫూర్తిగా అనుకునే మనిషి, ఒళ్ళు పట్టేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, మా అప్ప ఉందని కొండలరావు చెప్పాడు. మొదట్లో తవిటమ్మకి సంతోషంగానే ఉండేది. ఆరు నెలలు గడిచేసరికి ఆ తలుపు మూసుకునే చప్పుడు వినగానే ఆమె వెనక్కి తిరిగి చూసేది.

మానేద్దామనుకుంది కూడా. ఒకసారి జ్వరం వచ్చి రెండు రోజులు వెళ్ళలేదు. ఆ రెండు రోజుల్లో అర్జునరావనే కళాసీ నడుం పట్టేసి బస్తా కింద పడేశాడు. మర్నాటి నుంచి అతన్ని గేటు లోపలికి రానివ్వలేదు. తవిటమ్మ తిరిగొచ్చిన రోజు వరసలో ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదు. ఒక్కొక్కడూ బల్ల మీద పడుకుంటూ, రేపు కూడా వస్తావు కదా అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత జ్వరమొచ్చినా ఆమె ఆగలేదు. రాకపోతే వాళ్ళ పని పోతుంది, వస్తే వాళ్ళ ఒళ్ళు పోతుంది. ఆ రెండింటి మధ్య రోజూ ఆరున్నరకి చెప్పులు విప్పేది.

కొండలరావు రాళ్ళు మిగతావాళ్ళవాటిలా లేవని ఆమె వేలికి తెలిసింది. నల్లగా, వేరుశనగ కాయంత, పట్టుకుంటే సీసం ముక్కంత బరువు. వాటిని బుట్టలో వెయ్యలేక కొంగున ముడేసుకుని ఇంటికి తెచ్చి కుండలో వేసింది. వారమైనా కరగలేదు. నెలైనా అంతే. కుండలో పదకొండు రాళ్ళు పోగయ్యాయి, ఒక్కటీ అంచు కూడా అరగలేదు.

ఆమె రమణమూర్తి దగ్గరికి వెళ్ళి, తమ్ముణ్ణి కొన్నాళ్ళు బరువు పనికి దూరంగా ఉంచమని అడిగింది. ఆయన కుర్చీ చూపించి కూర్చోమన్నాడు. మీరొచ్చాక సెలవులు సగానికి తగ్గాయని, నొప్పి అని రాసిచ్చినవాళ్ళు ఈ మూడు నెలల్లో ఒక్కరూ లేరని, కొండలరావు పేరుతో కూడా ఏ ఫిర్యాదూ లేదని కంప్యూటర్లో చూపించాడు. నొప్పి లేని మనిషికి తేలిక పని ఇవ్వాలంటే ఏమని రాయాలో తనకి తెలియడం లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నిజంగానే ఇబ్బంది కనిపించింది.

ఆ వారంలోనే ఒక సాయంత్రం మరదలు రాధ పక్క వాటాలోంచి పిలిచింది. ఆమె గొంతు తేడాగా ఉంది. తవిటమ్మ వెళ్ళేసరికి గచ్చు మీద గుమ్మం నుంచి మంచం దాకా ఎర్రటి మచ్చలు. కొండలరావు మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఎడమకాలికి చెప్పు లేదు. మడమలోకి సగం వేలంత మేకు దిగి ఉంది.

“చెప్పు ఎక్కడ జారిపోయిందో కూడా తెలీలేదంట వదినా,” అంది రాధ.

తవిటమ్మ కింద కూర్చుని మేకు లాగింది. అతను టీ తాగడం ఆపలేదు. కాలి చిటికెనవేలు గిల్లింది. చూపు కూడా తిప్పలేదు. పాదం పైకి లేపమంటే, అది తడిగుడ్డలా వేలాడింది.

“ఏటైందిరా కాలికి?”

“ఏటవలేదప్పా. ఎక్కడా నొప్పి నేదు.”

“అదేరా నాను సెప్తన్నది. మేకు దిగినా నొప్పి నేదు. రేపు డాక్టరు కాడికెల్దాం. నాను ఇంక నీకు తియ్యను.”

కొండలరావు గ్లాసు కింద పెట్టాడు. “నువ్ తియ్యకపోతే నాను బస్తా ఎత్తలేను. ఎత్తలేనంటే అర్జునరావుని సేసినట్టే నన్నూ సేత్తారు. ఈ వయసులో నన్ను ఇంకెవడు పెట్టుకుంటాడు? నువ్ తియ్యి. తీస్తే సాలు.”

కాలు కాలులా లేదని రాధ ఏడ్చింది. అతను వినలేదు. నొప్పే లేనివాడికి భయం ఎక్కడినుంచి వస్తుంది?

తవిటమ్మ ఆ రాత్రి నిద్రపోయిందో లేదో గానీ, తెల్లారి లేచి కుండలో చెయ్యి పెట్టి పదకొండు రాళ్ళూ తీసి, తుడిచి, కొంగున ముడేసుకుంది. ఇన్నేళ్ళలో రాయిని తియ్యడమే గానీ తిరిగి పెట్టడం ఆమె ఎరగదు. తల్లి కూడా అలాంటిది ఒకటుందని చెప్పలేదు.

వరసలో నాలుగోవాడుగా కొండలరావు వచ్చి పడుకున్నాడు. ఆమె నూనె రాసింది. నడుం దగ్గర, ఎప్పుడూ రాయి లాగే చోట, మొదటి రాయి పెట్టి బొటనవేలితో నొక్కింది. తడి మట్టిలోకి దిగినట్టు లోపలికి దిగింది. కొండలరావు ఒళ్ళు బిగుసుకుంది. రెండోది పెట్టింది. మూడోది పెట్టేటప్పుడు, ఏటి సేత్తన్నావప్పా అని అడిగాడు. ఆమె నాలుగోది నొక్కింది. జవాబు చెబితే చెయ్యి ఆగిపోతుంది. అయిదో రాయి దగ్గర అతను పళ్ళు కరుచుకుని బల్ల అంచు పట్టుకున్నాడు. ఎనిమిదో రాయికి అరిచిన అరుపు ఇనుప గోడలకి కొట్టుకుని బయట వరస మొత్తానికీ వినబడింది. ఆమె ఏడుస్తూనే మిగతా మూడూ నొక్కింది.

గార్డు తలుపు తీసేసరికి కొండలరావు లేవలేకుండా ఉన్నాడు. నలుగురు కళాసీలు అతన్ని బల్లతో సహా మోసుకెళ్ళారు. వరసలో తర్వాతివాడు పోలిరాజు. విప్పిన చొక్కా చేతిలో పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. తవిటమ్మ చేతులకేసి కాసేపు చూసి, చొక్కా మళ్ళీ తొడుక్కుని, ఆసుపత్రికి తోడు వెళ్ళాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎప్పట్నుంచి నొప్పి అని అడిగితే, పొద్దున్నుంచి అని కొండలరావు చెప్పాడు. డాక్టరు స్కానింగ్ చూసి నమ్మలేదు. వెన్నుపూసల మధ్య నరం నలిగి నెలలవుతోందని, ఇంకో పది రోజులు బరువెత్తి ఉంటే ఆ కాలి మీద ఇక ఆశ వదులుకోవాల్సిందేనని అన్నాడు. మర్నాడే ఆపరేషన్ చేశారు.

రమణమూర్తి ప్రమాదాల రిజిస్టరు ముందు పెట్టుకుని తవిటమ్మని పిలిపించాడు. ఏం జరిగిందమ్మా అని అడిగాడు.

“ఇన్నాల్లూ తీసినవన్నీ మల్లా పెట్టేసినాను బాబూ. ఆడి నొప్పి ఆడికిచ్చేసినాను.”

ఆయన పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టాడు. నడుం నొప్పి అని రాస్తే కొండలరావు ఇంటికే. చివరికి, డ్యూటీలో ఉండగా గాయం అని రాసి సంతకం పెట్టాడు. అలా రాశాక కంపెనీ అతన్ని తీసెయ్యడానికి లేకపోయింది, కోలుకున్నాక లారీల కాటా దగ్గర చీటీలు రాసే పనికి పెట్టుకోవాల్సి వచ్చింది. తవిటమ్మని మాత్రం రేపటినుంచి రావద్దన్నాడు. ఆమె తలూపి, గార్డు దగ్గర ఫోను తీసుకుని బయటికి నడిచింది.

డబ్బాలో ఆమె స్థానంలో కరెంటుతో వణుకుతూ ఒళ్ళు పట్టే కుర్చీలు రెండు పెట్టారు. కళాసీలు వాటిలో కూర్చుని లేచి, బస్తాలకే వెళ్తున్నారు. కొందరు సాయంత్రాలు కంచరపాలెం వస్తారు. రాయి కరిగేదాకా పని మానాలని ఆమె ముందే చెబుతుంది. మానగలిగినవాళ్ళు ఉంటారు. మిగతావాళ్ళు కాసేపు అరుగు మీద కూర్చుని, లేచి వెళ్ళిపోతారు. ఆమె వాళ్ళని పిలవదు, ఆపదు.

కొండలరావు మాత్రం అక్కతో మాట్లాడలేదు. చెప్పకుండా చేసిందన్నది అతని కోపం. పక్క వాటాలోనే ఉంటూ, కర్ర పట్టుకుని ఎడమపాదం ఈడ్చుకుంటూ ఆమె అరుగు ముందునుంచే కాటాకి వెళ్ళొచ్చేవాడు. తల తిప్పేవాడు కాదు. నాలుగు నెలలు అలాగే గడిచాయి.

ఒక ఆదివారం పొద్దున్న వచ్చి, ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాడు. కర్ర గోడకి ఆనించాడు. తవిటమ్మ వావిలాకు తుంచుతున్నది ఆపింది.

“కాలి సిటికినేలు నొప్పెడతందప్పా,” అన్నాడు, దారికేసి చూస్తూ. “రాత్రి నుంచి. సూదులతో పొడిసినట్టు.”

పాతికేళ్ళ అలవాటు కొద్దీ ఆమె చెయ్యి చటుక్కున ఆ వేలి మీదికి పోయింది.

“తియ్యకు,” అన్నాడు అతను. ఇన్నాళ్ళూ ఈడ్చుకొచ్చిన ఎడమపాదం ఆమె చేతికి అందకుండా, మడమ మీద పైకి లేచింది.

అది లేచిందని అతను గమనించలేదు. తవిటమ్మ గమనించింది.